నేను గీకేసిన పేరు

పోయిన వారం మా తమ్ముడి కోడలు నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. ఏదో కల్యాణమండపంలో ఒక పెద్ద కుటుంబం వాళ్ళు, పిల్లా పెద్దా అంతా ఒకే రంగు కండువాలు వేసుకుని, గోడకు తగిలించిన నిలువెత్తు వంశవృక్షం కింద వరసగా నిలబడి ఉన్నారు. ఆ పటం కింద ఇత్తడి రేకు మీద, ఒమాన్‌లో నాకు పైఅధికారిగా ఉన్న మేనేజరుగారి పేరు చెక్కించి, ఆయన ఏళ్ళ తరబడి పరిశోధించి దీన్ని తయారు చేశారని రాయించారు. పరిశోధనట, పరిశోధన! మామయ్యగారూ, మీరు పనిచేసింది ఈ సారు దగ్గరే కదా అని ఆ అమ్మాయి ముచ్చటపడి పంపింది గాని, చూసిన దగ్గర్నించీ నా ఒళ్ళు మండిపోతోంది. ఫొటోను వేళ్ళతో సాగదీసి చూశాను. గీతలు నావి, అక్షరాలు నావి, మూలమూలనా వేసిన లతలు కూడా నావే. మా ఆవిడ బీపీ మాత్ర చేతిలో పెట్టి, ఎప్పటివో సంగతులు ఇప్పుడెందుకండీ అంది. ఎప్పటివో అయితే మాత్రం సిగ్గు లేకుండా పోతుందా?

నా ఈడు వాళ్ళకైతే చెప్పకుండానే తెలుస్తుంది, ఈ కాలం వాళ్ళకు కొంచెం వివరించాలి. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. బల్ల మీద నడుం వంచి, ట్రేసింగ్ పేపరు పరిచి, నల్ల ఇంకుతో ఇళ్ళూ వంతెనలూ గీసి బతికినవాణ్ణి. రెండువేల ఎనిమిది ప్రాంతంలో, మస్కట్ వాదీలను, అంటే ఎండు వాగులను, ముంచెత్తిన ఆ పెద్ద తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు, ఒక కట్టడాల కంపెనీలో పనిచేస్తూ అల్ హైల్‌లో ఆరుగురం ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. అప్పటికే కుర్రాళ్ళందరూ కంప్యూటర్ల మీద గీసేస్తున్నారు. పాత డ్రాయింగులు దిద్దడానికని నన్ను ఉంచారు గాని, నిజానికి నా పని అయిపోయిందని నాకూ తెలుసు, మేనేజరుకూ తెలుసు. పైగా అరవైకి దగ్గర పడ్డాను. అక్కడ అరవై దాటితే లేబర్ కార్డు పొడిగించడం కష్టం, పెద్దవాళ్ళెవరైనా గట్టిగా సిఫార్సు చేస్తేనే ఆశ. మా ఊళ్ళో నా ఇల్లు శ్లాబు దాకా లేచి ఆగి ఉంది. ఆ సిఫార్సు కాగితం మా మేనేజరు సంతకం కోసం ఆయన బల్ల మీద పడి ఉంది.

ఆ మేనేజరుగారిది గోదావరి సముద్రంలో కలిసే వైపు ఒక రేవు పట్నం. ఆయన పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులోనే అయినా, ఆ పట్నాన్ని మా ముత్తాతల ముత్తాత కట్టాడని చెప్పుకోవడం ఆయనకు మహా సరదా. ఊరి పేరు గాని, ఆ ముత్తాత పేరు గాని నేను చెప్పను, చెబితే ఆ కండువాల వాళ్ళంతా నా మీదకు దండెత్తి వస్తారు. ఈస్టిండియా కంపెనీ దొరలు గిడ్డంగి వేసుకున్న కొత్తలో, ఇసుక దిబ్బలూ నాలుగు గుడిసెలూ తప్ప మరేమీ లేని ఆ రేవుకు వచ్చి మొదటగా కాపురం పెట్టింది ఆయనేనట. తమ ఇంటిపేరు వాళ్ళంతా ఆ ఊళ్ళో కలుసుకోబోతున్నారని, పటం తయారుచేసే భారం తన మీద పెట్టారని, కంప్యూటరు అక్షరాలైతే పాతదనం రాదని, శుక్రవారాలు సెలవే కదా వచ్చి గీసి పెట్టమని నన్ను అడిగారు. అడిగారని మర్యాదకు అంటున్నాను, సిఫార్సు కాగితం బల్ల మీద ఉండగా అడగడమేమిటి, ఆజ్ఞాపించడమే.

మొదటి శుక్రవారం అల్ ఖౌద్‌లో వాళ్ళ విల్లాకు వెళ్ళి, భోజనాల బల్ల మీద నా డ్రాయింగు పలక వేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఆయన దగ్గరున్నదేమిటి? పైన ఆ మూలపురుషుడి పేరు, కింద తన తాతగారి నాన్న మొదలు తమ వాళ్ళ పేర్లు, మధ్యలో మూడు తరాలు ఖాళీ. ఫోను మీద ఫోను చేశాడు, హైదరాబాదు అన్నగారికి తెలియదు, మద్రాసు బాబాయికి తెలియదు. ఊరు కట్టిన వంశం మాది అని ఊదరగొట్టే పెద్దమనుషులు, ఒక్కడికీ ముత్తాత తండ్రి పేరు రాదు. పటం ఇక కాదనుకుని నేను ఇంకు సీసా మూత పెట్టేస్తుండగా, వాళ్ళింట్లో వంట చేసే ఆవిడ పాలు లేని సులేమానీ టీ గ్లాసులు తెచ్చి, అక్కడే నిలబడిపోయింది.

ఆవిడకు అప్పటికి యాభై దగ్గర ఉంటాయి. అల్ సువైక్‌లో ఖర్జూరపు తోటల ఆసామి ఇంట్లో రెండేళ్ళు చాకిరీ చేసి, తెలుగు వాళ్ళ ఇల్లయితే మాటైనా కలుస్తుందని ఇక్కడ కుదిరింది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. పైనున్న పేరు కూడబలుక్కుని చదివి, “ఈయన మా తక్కెడ తాతే గదండీ!” అంది. మేనేజరుగారు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పిల్లలు ఎక్కం చెప్పినట్టు, ఆ పెద్దాయన ఇద్దరు కొడుకుల పేర్లు, పెద్దకొడుకు పిల్లలు, వాళ్ళ పిల్లలు, గొలుసు తెగకుండా చెప్పుకుంటూ వచ్చి మా మేనేజరు తాతగారి నాన్న దగ్గర ఆగింది. మేనేజరు నవ్వు ఆగిపోయింది. నేను ఇంకు సీసా మూత మళ్ళీ తీశాను.

తరవాత వంటింటి గుమ్మం దగ్గర నాకు చెప్పింది. తక్కెడ తాతకు ఇద్దరు కొడుకులే కాదు, ఒక కూతురు కూడా. కొడుకులు ఒకడు చెన్నపట్నం, ఒకడు రంగూన్ వెళ్ళి మళ్ళీ ఆ రేవు మొహం చూడలేదు, పుట్టిన కబుర్లూ పోయిన కబుర్లూ మాత్రం తరతరాలా ఉత్తరాల్లో వచ్చేవట. ముసలాయనను చూసుకున్నది, ఆ ఇంట్లో దీపం పెట్టినది కూతురు, తరవాత కూతురి కూతురు, అలా ఆడవాళ్ళే. తర్పణాలు వదలాల్సిన కొడుకులు దేశాలు పట్టిపోయారు కాబట్టి, భాద్రపద అమావాస్యనాడు బ్రాహ్మడికి స్వయంపాకం ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు, పోయినవాళ్ళ పేరు ఒక్కొక్కటే పైకి అంటూ, పేరుకొక గుప్పెడు బియ్యం చేటలో పోసేవారట. పేరు తప్పితే ఆ తాతకు ఆ ఏడంతా ఆకలే అని వాళ్ళమ్మమ్మ తొడపాశం పెట్టేదట. సముద్రం వీధిని కోసుకుపోయింది, ఇల్లు పోయింది, వాళ్ళు రొయ్యల షెడ్డుల్లో కూలికి దిగారు, పేర్లు మాత్రం పోలేదు. మస్కట్‌లో బ్రాహ్మడు దొరక్క, ఆ గుప్పెళ్ళు మిద్దెమీద పావురాలకు వేస్తున్నానని చెప్పింది. ఎవరి తాతలకు? ఈ మేనేజరు తాతలకు! వీళ్ళు హాల్లో కూర్చుని ఏసీ వేసుకుని టీవీ చూస్తుంటే.

అంటే వరస కలిపి చూస్తే ఆవిడ వాళ్ళకు బంధువు. ఆ సంగతి తెలిసిన మరుక్షణం ఆ ఇంట్లో గాలి మారిపోయింది. మేనేజరు భార్య, మేడంగారు, మొహం గంటు పెట్టుకుంది. అయినా పేర్లు కావాలి కదా, అందుకని ఆరు శుక్రవారాలు ఆవిణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగి రాయించుకున్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూర్చోమనలేదు. ఆవిడ చెప్పిన తాత భుజాన తక్కెడ వేసుకుని నడిచొచ్చి దొరల గిడ్డంగి ముందు నువ్వులు తూచి పొట్టపోసుకున్న మనిషి. అది రాయమంటే మేనేజరుగారికి నామోషీ అయింది. తూకాలు కొట్టేసి, దొరలకు ముఖ్య సలహాదారు అని నా చేత రాయించాడు. అబద్ధమని తెలిసీ అందమైన అక్షరాలతో రాశాను.

ఆవిడ అడిగింది ఒక్కటే. ఐదో శుక్రవారం, టీ పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంటూ అంది. “నా పేరు అక్కర్లేదండి, మా అమ్మమ్మ పేరూ వొద్దు. తాత కూతురుంది సూడండి, ఆవిడ పేరొక్కటీ ఎయ్యండి అన్నయ్యగారూ. ఆవిడ లేపోతే ఇయ్యేయీ లేవు గదండీ.” ఆ పేరు కూడా చెప్పింది, ఎలా రాయాలో రెండుసార్లు పలికింది. అందులో కాదనడానికి ఏముంది? మేనేజరును ముందే అడిగి ఉంటే ఆడపిల్లల గీతలు వద్దనేవాడని నాకు తెలుసు, అందుకే అడగలేదు. డ్రాయింగులో ఒక పద్ధతి ఉంది. ఎదురుగా కనపడదు గాని ఉన్నదని తెలిసినదాన్ని, గోడ వెనకున్న గొట్టాన్నో నేల కిందున్న పునాదినో, చుక్కల గీతతో చూపిస్తాం. కొడుకులిద్దరి పక్కన చిన్న చుక్కల గీత దింపి, సన్నటి కలంతో ఆ పేరు రాశాను. నా మొత్తం ఉద్యోగంలో అంత శ్రద్ధగా రాసిన మాట లేదు.

ఆవిడ వచ్చి చూసింది. ఇంకు తడి ఆరలేదని చెబితే, వేలు కాగితానికి అంటకుండా గాలిలోనే అక్షరాల మీదుగా పోనిచ్చి చదువుకుంది. ఆ మొహం చూసి నాకు, పరవాలేదు, ఈ ఎడారిలో నేను చేసిన మంచి పని ఇదొక్కటైనా ఉంది అనిపించింది.

గంట తిరక్కుండా మేనేజరుగారు వచ్చారు. ఇంజనీరు కదా, చుక్కల గీత చూడగానే అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూనే, “ఇదేంటండీ, గోడ వెనక పైపులా? ఆడపిల్లలు వేరే ఇంటికి పోయేవాళ్ళు, వాళ్ళ లైన్లు పెడితే చార్ట్ ఖరాబవుతుంది. తీసెయ్యండి” అన్నాడు. ఆవిడ ఎక్కడికీ పోలేదయ్యా, పోయింది మీ తాతలు, ఆ గడప కాపాడింది ఆవిడ అని నా నాలిక చివర దాకా వచ్చింది. అదే ఊపులో ఆయన, మీ లేబర్ కార్డు కాగితం రేపు చూస్తాను లెండి అన్నాడు. రేపు చూస్తాను! ఎంత తెలివి, ఎంత మెత్తదనం! నేను బ్లేడు కోసం పెట్టె తెరిచాను.

ట్రేసింగ్ మీద ఇంకు రబ్బరుకు పోదు, సగం విరిచిన బ్లేడుతో గీకాలి. కాగితం చిరగకుండా, ఒక్కొక్క పొరే, ఊపిరి బిగబట్టి గీకాలి, తరవాత గోటితో రుద్ది నునుపు చెయ్యాలి. నేను ఆ పనిలో మొనగాణ్ణని పేరు. ఆ మొనగాడితనమంతా చూపించి, ఒక్కొక్క అక్షరం గీకాను. ఆఖరి అక్షరం మీద ఉండగా ఆవిడ గ్లాసులు తీసుకోవడానికి వచ్చింది. చూసింది. అరిచి తిట్టినా బాగుండేది. “పోన్లెండి అన్నయ్యగారూ, మీకూ పిల్లలున్నారు గదా” అని గ్లాసులు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఇప్పటికీ నన్ను పీక్కుతింటుంది.

అయితే ఆవిడ ఊరుకోలేదు. చివరి శుక్రవారం రంగూన్ వెళ్ళిన రెండో కొడుకు సంతానం రాయాల్సి వచ్చి మేనేజరుగారు పిలిస్తే, గుమ్మంలోకి వచ్చి నిలబడి, మర్చిపోయానండీ అంది. ఎంత బతిమాలినా, మేడంగారు వచ్చి కొత్త చీర ఆశ పెట్టినా, మర్చిపోయానండీ, పెద్దదాన్నయిపోయాను గదండీ, అంతే. నా వంక చూడనైనా చూడలేదు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ కొమ్మకు హైదరాబాదు అన్నగారు నోటికొచ్చిన నాలుగు పేర్లు కల్పించి పంపాడు, అవీ నేనే రాశాను. ఆ నాలుగు దొంగ పేర్లకూ ఇప్పుడు కండువాల వాళ్ళు దండలు వేసి దణ్ణాలు పెడుతున్నారు. రెండు నెలలకు ఆవిడ సెలవు మీద ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. నా కార్డు పొడిగించారు. ఇంకో రెండేళ్ళు పనిచేసి, ఇల్లు పూర్తిచేసి వచ్చి, ఆ ఇంట్లోనే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

కాలం మారింది, ఒప్పుకుంటాను. మా మనవరాలు ఇప్పుడు ఫోనులోనే వంశవృక్షం వేస్తోంది, అందులో ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకటే కొలత గడి, అడగడానికి మేనేజరు లేడు, గీకడానికి బ్లేడు లేదు. నా కోపం చూసి ఆ పిల్ల పక్కన కూర్చుని కథంతా విన్నది. విని, ఇంతేనా తాతయ్యా, వాళ్ళ వృక్షం కూడా నేను వేసేస్తాను, ఆ కూతురి పేరు చెప్పు అంది. నోరు తెరిచాను. పేరు రాలేదు.

వారం రోజులుగా గింజుకుంటున్నాను. తక్కెడ తాత పేరు గుర్తుంది, కొడుకుల పేర్లు గుర్తున్నాయి, ఆ నాలుగు దొంగ పేర్లు కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ కూతురిది మూడక్షరాల పేరని గుర్తుంది, మధ్య అక్షరానికి ఒత్తు ఉందని గుర్తుంది, ఆ ఒత్తు లోపల గీకడానికి బ్లేడు మూల తిప్పి పట్టుకున్నానని కూడా గుర్తుంది. పేరు గుర్తు లేదు. వంటావిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు, మరొకరిని అడుగుదామంటే ఆ పేరు తెలిసిన మరొకరు లేరు. మా మనవరాలు ఆ గడి ఖాళీగా ఉంచి, బడి నుంచి రాగానే, గుర్తొచ్చిందా తాతయ్యా అని రోజూ అడుగుతోంది.