మాదయ్య చెప్పిన జాగ్రత్తలు

రాయపురంలో చేపల రేవుకి వెనకపక్క ఉప్పుకొట్టం వీధి అని ఒకటుండేది. ఆ వీధి మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడకి టార్పాలిన్ కట్టుకుని మాదయ్య ఇరవై రెండేళ్లు బీగాలు బాగుచేశాడు. వాళ్ల తాత హార్బరు గోదాములకి బీగాలు చేసినవాడు. తండ్రి ఇనప్పెట్టెలు చూసేవాడు. మాదయ్య వంతుకి వీధివాళ్ల తలుపులూ, బీరువాలూ, సైకిళ్లూ మిగిలాయి.

బీగం చేతికిస్తే చెవి దగ్గర పెట్టి ఒకసారి ఊపేవాడు. లోపల ఏం విరిగిందో చెప్పేవాడు. ఎవరింట్లోనైనా బీరువా తెరవాల్సి వస్తే, తలుపు తెరుచుకోగానే మొహం పక్కకి తిప్పుకుని, "చూసుకోండమ్మా, అన్నీ ఉండాయా?" అని అడిగేవాడు. వాళ్లు ఉన్నాయన్నాకే పనిముట్లు సర్దుకునేవాడు. అది తండ్రి నేర్పిన పద్ధతి.

తొంభైమూడు వేసవిలో ఆ వీధికి దొంగల భయం పట్టుకుంది. నెల తిరక్కుండా మూడిళ్లూ రెండంగళ్లూ పోయాయి. పెళ్లికెళ్లి వచ్చేసరికి ఒకరి ఇత్తడి సామానంతా ఊడ్చుకుపోయారు. మందులషాపు షట్టరు కింద జాకీ పెట్టి లేపారు. జనం భయపడ్డారు. భయపడ్డాక సంఘం పెట్టారు. వీధిలోకెల్లా పెద్ద అంగడి బాలసుందరం నాయుడిది. ఇనప సామాన్లు, పెయింట్లు, పంపులు అమ్మేవాడు. అధ్యక్షుడు ఆయనే అయ్యాడు. హార్బరు క్లర్కు కొడుకు సతీష్, ఇరవై రెండేళ్లవాడు, కార్యదర్శి అయ్యాడు. కుర్రాళ్లకి విజిళ్లు పంచారు. రేషను అంగడి మీది గది ఆఫీసైంది. దాని కింద ఒక నల్లబోర్డు పెట్టారు.

ఒక ఆదివారం పొద్దున కల్యాణమండపంలో మీటింగు పెట్టి ఇన్‌స్పెక్టర్ని పిలిచారు. ఆయన అరవంలో చాలా సేపు మాట్లాడాడు. ఊరెళ్తే స్టేషన్లో చెప్పి వెళ్లమన్నాడు. బీగంచెవి పూలకుండీ కింద పెట్టొద్దన్నాడు. పనిమనుషుల ఫోటోలు ఇచ్చి పెట్టమన్నాడు. చివర్లో, "ఏ బీగం మంచిదో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

వెనక వరసలోంచి మాదయ్యని నలుగురు ముందుకి తోశారు. అంతమందిలో మాట్లాడటం అతనికి అదే మొదలు. తెలిసిన పని కాబట్టి మెల్లగా మాట అదే వచ్చింది.

"బీగం కంటే గొళ్ళెం ముఖ్యం సార్. దాని మరలు బయటికి కనపడతా ఉంటే ఎంత పెద్ద బీగం ఏసినా దండగే. మరలు తిప్పే తిప్పుళి ఉంటే చాలు, ఊడొస్తాది. లోపల్నించి బోల్టు ఏసి నట్టు బిగించుకోవల్ల. షట్టరుకి నడిమధ్యన ఒక బీగం కాదు, రెండు పక్కలా నేలకి ఏసుకోవల్ల. జాకీ పెట్టినా లేవదు."

జనం శ్రద్ధగా విన్నారు. బాలసుందరం తన అంగడి నుంచి తెప్పించిన మూడు బీగాలు బల్ల మీద పెట్టి, "ఈట్లో ఏది మేలో జెప్పు మాదయ్యా" అన్నాడు. చవకవి, మెరుపు ఎక్కువున్నవి. ఆ నెలలో వీధిలో సగం మంది కొన్నవి అవే.

మాదయ్యకి బాగున్నాయని చెప్పి కూర్చునే తెలివి ఉంటే కథ ఇంకోలా ఉండేది. అతను జేబులోంచి వంచిన గొడుగు కమ్మి తీశాడు. ఇన్‌స్పెక్టరు ఇరవై లెక్కపెట్టేలోపు మొదటిది తెరుచుకుంది. రెండోదీ మూడోదీ అంతకంటే ముందే తెరుచుకున్నాయి. మండపం చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు బాలసుందరమే. "మా సరుకునే పరీక్ష చేసేసినాడప్పా!" అంటూ మాదయ్య వీపు తట్టాడు.

ఆ తర్వాత పది రోజులూ మాదయ్యకి ఊపిరాడలేదు. గొళ్ళేలు మార్చాడు, బోల్టులు వేశాడు, షట్టర్లకి నేల కొక్కేలు బిగించాడు. పిల్లలు కూడా "జాగ్రత్త మామా" అని పిలవడం మొదలుపెట్టారు. లోపల్లోపల అతనికి గర్వంగానే ఉండేది. భార్య పచ్చయమ్మకి మాత్రం ఆ సంబరం నచ్చలేదు.

"బీగం ఎట్టా తీస్తారో అంతమందికి చేసి చూపించినావే. రేపు ఎవరిదన్నా పోతే ఎవర్ని అడగతారు?"

"దొంగైతే చూపిస్తాడా పిచ్చిదానా? దాచిపెట్టుకుంటాడు గానీ" అని నవ్వాడు.

మీటింగైన పదహారో రోజు అమ్మణి బీరువాలో నాలుగు సవర్ల బంగారు గొలుసు కనపడలేదు. అమ్మణి సతీష్ తల్లి. బీరువా బీగం విరగలేదు, తలుపు మీద గీత పడలేదు. ఆవిడ గోల విని సంఘం మొత్తం దిగింది. బాలసుందరం కుర్చీ వేయించుకుని కూర్చుని ఒకే ప్రశ్న అడిగాడు.

"ఈ బీరువా బయటి మనిషి ఎవరన్నా తెరిచినారా అమ్మణీ?"

అంతకుముందు నెల బీగంచెవి పోతే తెరిచింది మాదయ్యే. ఆరోజు ఆవిడ కాఫీ కూడా ఇచ్చింది. ఇరవయ్యేళ్లుగా అన్నా అని పిలిచిన మనిషి. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, "మాదయ్యన్నే" అంది. ఆ రోజు అతను మొహం తిప్పుకుని నిలబడ్డ సంగతి చెప్పలేదు.

సాయంత్రం నాలుక్కి, ఆకురాయి పట్టుకుని పని చేసుకుంటున్నవాడిని సంఘం ఆఫీసుకి పట్టుకెళ్లారు. మెట్లెక్కిస్తున్నప్పుడు కూడా మాదయ్య ఏదో బీగం తీయడానికే అనుకున్నాడు. గదిలో పన్నెండు మంది ఉన్నారు. అందులో ఏడుగురి తలుపులకి ఆ పది రోజుల్లో అతనే గొళ్ళేలు మార్చాడు. వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఎవరూ కళ్లు కలపలేదు.

"గొలుసు యాడ పెట్టినావు?" అన్నాడు సతీష్.

"ఏ గొలుసప్పా?"

మొదటి దెబ్బ సతీష్‌దే. తర్వాత ఎవరెవరు కొట్టారో లెక్క తెలీదు. పచ్చయమ్మ కింద నిలబడి అరుస్తుంటే, పైకి రాకుండా ఇద్దరాడవాళ్లు పట్టుకున్నారు. కొట్టి కొట్టి అలిసిపోయాక బాలసుందరం కుర్చీలోంచి లేవకుండానే, మెత్తగా, "ఆ చెయ్యే కదా మనకి విద్య చూపించింది" అన్నాడు. అంతకుమించి అనలేదు. సతీష్ మాదయ్య కుడిచెయ్యి లాగి తలుపు సందులో పెట్టాడు. టేకు తలుపు. ఇంకొకడు మూశాడు. మాదయ్య అరుపు చేపల రేవు దాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు. తెరిచి, మళ్లీ మూశారు.

అప్పుడు పోలీసులకి కబురు పెట్టారు. స్టేషన్లో అదే ఇన్‌స్పెక్టరు. గుర్తుపట్టాడు. ఆ చెయ్యి చూసి, "జనం కోపం మీద ఉంటే నేనేం చేసేది?" అని కాగితాల్లోకి తల దించుకున్నాడు. రెండు రోజులు ఉంచుకుని, గొలుసు దొరక్క, ఫోటో తీసి వదిలేశారు. ఆ ఫోటో ఇంకో కాపీ సంఘానికి చేరింది. మూడో రోజుకి బోర్డు మీద అంటించి ఉంది. పైన సుద్దముక్కతో రెండు భాషల్లో "ఇతనితో జాగ్రత్త" అని రాశారు.

కట్టు కట్టించుకోవడానికి వెళ్లేసరికే ఆలస్యమైపోయింది. చూపుడువేలూ, నడిమివేలూ, ఉంగరంవేలూ వంకరగా అతుక్కున్నాయి. అన్నం ముద్ద కూడా చేతిలో నిలిచేది కాదు. టార్పాలిన్ కట్టుకున్న చోట బాలసుందరం అంగడి పైపులు పేర్చారు.

నెలన్నర తర్వాత నిజం నడివీధిలోకి వచ్చి పడింది. సతీష్ ఒక స్నేహితుడితో కలిసి కేబుల్ టీవీ కనెక్షన్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఇద్దరికీ చెడింది. ఆ స్నేహితుడు పట్టపగలు అమ్మణి గుమ్మం ముందు నిలబడి, "మీ అమ్మ గొలుసు దొంగతనంగా అమ్మి తెచ్చినవాడివి, నువ్వా నాకు నీతి జెప్పేది? యాడ అమ్మినావో చూపించేదా?" అని గొంతు చించుకున్నాడు. గొలుసు కొన్న అంగడివాడి దగ్గర చీటీ దొరికింది, సతీష్ సంతకంతో సహా. వీధి వీధంతా విన్నది. విని లోపలికెళ్లి తలుపులు వేసుకుంది. సతీష్‌ని ఎవరూ కొట్టలేదు. అది వాళ్లింటి విషయమన్నారు.

మరునాడు పొద్దున్నే మాదయ్య బాలసుందరం అంగడికి వెళ్లాడు.

"నాయుడన్నా, నాకింకేం వద్దు. ఆ ఫోటో తీసేయండి. మీటింగులో అందరి ముందరా, మాదయ్య దొంగ కాదని ఒక్క మాట జెప్పండి."

బాలసుందరం కుర్చీ చూపించాడు. "నీ కష్టం నాకు తెలీదా? అయితే మాదయ్యా, ఆ బోర్డు పెట్టినాక ఈడ ఒక్క దొంగతనం లేదు. నీ ఫోటో అని కాదు, అట్టా ఒకటి ఉంటే బయటోళ్లకి భయం. దాన్నెందుకు చెరపడం? మీటింగుకి రా, మాట్లాడదాం."

వెళ్లాడు. వీధి లైట్ల గురించి మాట్లాడారు, చెత్తకుండీ గురించి మాట్లాడారు. కొత్త వాచ్‌మన్‌కి ఏ రంగు బట్టలివ్వాలని గంటసేపు వాదించుకున్నారు. ఇతర విషయాలు అనేసరికి టైమైపోయిందని లేచారు. రెండో నెలా అంతే. మూడో నెల మాదయ్య చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు. ఆ వంకర వేళ్లు గాల్లో కనపడేసరికి కొందరు తలలు తిప్పుకున్నారు. ఒకావిడ, "పిల్లలుండారు, దించయ్యా" అంది. నాలుగో నెల గుమ్మం దగ్గరే వాచ్‌మన్ ఆపేశాడు. ఇక నించి సొంతిల్లు ఉన్నవాళ్లకే మీటింగట.

ఆ వారంలోనే అమ్మణి వచ్చింది. ఒక క్యారియర్లో సాంబారన్నం, పైన రెండు అప్పడాలు. గడప దాటకుండా కిందపెట్టి, "మనసులో పెట్టుకోవద్దన్నా. కన్నబిడ్డ, ఏం జేసేది? వాడికి సంబంధం చూస్తా ఉండాం. నువ్వు వీధిలో తిరిగి ఆ మాటే చెప్తా ఉంటే పిల్లనెవరిస్తారు?" అంది. పచ్చయమ్మ క్యారియరు తన్నబోయింది. మాదయ్య ఆపాడు. రెండు రోజులుగా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎడంచేత్తో తిన్నాడు. రుచిగానే ఉంది. అది అతనికి దెబ్బలకంటే ఎక్కువ అవమానమనిపించింది.

తై నెల సంక్రాంతి రాకముందే అంబత్తూరు వెళ్లిపోయారు. ఫ్యాక్టరీల పక్క టీ అంగడివాడు కుప్పుసామి జాగా ఇచ్చాడు. పచ్చయమ్మ ఆకురాయి పట్టింది, మాదయ్య పక్కన కూర్చుని చెప్పేవాడు. చెప్పడం కాదు, అరిచేవాడు. బతుకులో ఎన్నడూ నోరెత్తనివాడు ఆవిడ మీద ఎత్తాడు. ఒక రోజు పల్లు లోతుగా అరిగి బీగంచెవి పాడైతే, "మొద్దు ముండా, నీ చేతులు విరగ" అన్నాడు, గిరాకీల ముందే.

పచ్చయమ్మ ఆకురాయి కింద పెట్టింది.

"ఆ గదిలో పన్నెండు మంది కొట్టినారు. ఒక్కణ్ణి ఒక్క తిట్టు తిట్టలేదే నువ్వు. నేను దొరికినానా?"

గిరాకీలు టీ గ్లాసుల్లోకి చూస్తూ ఉండిపోయారు. మాదయ్య క్షమించమని అనలేదు, అనడం అతనికి రాదు. ఆ తర్వాత ఆవిడే బీగంచెవికి ఇంకో రేకు తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది. మాదయ్య ఈసారి అరవలేదు. ఎడంచేత్తో రేకు కదలకుండా పట్టుకున్నాడు.

ఆరు నెలలకి పని ఆవిడ చేతికొచ్చింది. ఒకనాడు కొత్తగా వచ్చిన లేత్ ఫోర్‌మన్ ఒకడు, బీగం మాదయ్య ముందర పెట్టి, "మేస్త్రీ, సాయంత్రానికి కావాల" అన్నాడు. మాదయ్య దాన్ని తీసి పచ్చయమ్మ వైపు జరిపాడు.

"మేస్త్రి ఆమె. ఆమెని అడుగు."