ఆడోమా కత్తెర

కుమాసిలో మా మందుల ల్యాబుకు ఆడోమా కుట్టుపని మానేసి వచ్చింది. రక్తంలో మందు గంటగంటకూ ఎంతుందో చూపే గీతలను మాత్రకొకటి, అదే మోతాదు ఇంజెక్షన్‌కొకటి గ్రాఫు కాగితాల మీద గీసి, గీత కింది భాగాలను కత్తిరించి తూచేది. ఇంజెక్షన్ ముక్క బరువులో మాత్ర ముక్క ఎన్నోవంతో, మాత్రలో అంతే ఒంటికి పట్టినట్టు. డిగ్రీ ఉన్న నా లెక్కల కన్నా ప్రొఫెసర్‌కు ఆ కత్తెర మీదే గురి. నాకు కడుపు మండిపోయేది.

ఒక వానరోజు ఆమె తినడానికి కెంకే, అదే మొక్కజొన్న పిండి ముద్దలు, కొనడానికి వెళ్లగానే, బరువు తప్పాలని మాత్ర ముక్కను తడిచేత్తో నిమిరాను.

తిరిగొచ్చి ముక్కలు రెండూ తడిమి చూసింది.

"కిటికీలోంచి జల్లు కొట్టిందిలే," అన్నాను.

"జల్లయితే రెండూ తడిసేవక్కా," అంటూ కొత్త కాగితం తీసింది. "నీకూ కెంకే తెచ్చా. చల్లారకముందే తిను."