సున్నం గీతకు అవతల

ఆ ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి కోసేదీ, సున్నంతో గీతలు గీసేదీ ఆయనే. అందరూ గీతలాయన అనేవారు. పచ్చిక మీద ఎవరైనా ఊరికే బూటుకాలు పెడితే ఇంతెత్తున ఎగిరేవాడు.

ఒక వేకువన ఒంటరిగా సాధన చేస్తూ సొంత జట్టు గోల్‌కీపరు గోలు ముందే కుప్పకూలి చనిపోయాడు. చూసింది గీతలాయన ఒక్కడే. మర్నాటి నుంచి అభిమానులు బారులు తీరారు. "ఎక్కడ పడిపోయాడన్నా?" అని ఒకటే ప్రశ్న. ఇంతమంది తొక్కితే గడ్డి బతకదని, గీతకు అవతల ఏమీ మొలవని ఒక మూల చూపించాడు. అందరూ నమ్మారు. పన్నెండేళ్లుగా ఆటగాళ్లు కూడా ఆ మట్టిని తాకి కళ్లకద్దుకున్నాకే ఆటకు దిగుతున్నారు. 'వట్టి పిచ్చిమాలోకం!' అని ఆయన లోలోపల నవ్వుకునేవాడు.

ఒక ఉదయం ఆ గోల్‌కీపరు తల్లి వచ్చింది. ఆ గేటు దాటే ధైర్యం ఆమెకు ఇన్నేళ్లకు గాని చిక్కలేదు. ఆమెకు అబద్ధం చెప్పడానికి గీతలాయనకు నోరు రాలేదు. గోలు ముందుకు తీసుకెళ్లాడు.

"ఇక్కడమ్మా. ఆ మూల సంగతి నేను కల్పించింది. గడ్డి పాడవుతుందని."

ఆమె కింద కూర్చుని, ఆ గడ్డిని చాలాసేపు నిమిరింది.

తిరిగి వెళ్తూ ఆ మూల దగ్గర ఆగి, వంగి, మట్టిని తాకింది.

"అది కాదని చెప్పాను కదమ్మా!"

"విన్నాను నాయనా. మావాడి కోసం ఇంతమంది వంగిన చోటు. ఇది మాత్రం వాడిది కాదా?"

ఆమె వెళ్లిపోయాక గీతలాయన అక్కడే నిలబడి, బూట్ల తాళ్లు విప్పుకున్నాడు.