కప్పిన జెండా

గత వారం కార్వాన్ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం టపటపమని ఒక చప్పుడు వినిపించింది. అంత రద్దీలో, అన్ని హారన్ల మధ్య కూడా ఆ చప్పుడును నేను గుర్తుపట్టగలను. కారు బానెట్ మీద చిన్న జెండా గాలికి కొట్టుకునే చప్పుడు అది. తల తిప్పి చూద్దును కదా, తెల్లకారు, విప్పిన జెండా, లోపల మంత్రిగారు మాత్రం లేరు! వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో చీరల ప్యాకెట్లు, కిటికీలోంచి తల బయటపెట్టి ఐస్‌క్రీమ్ చప్పరిస్తున్న ఒక పిల్లవాడు. కూడలిలో కానిస్టేబుల్ ఎర్రటి ఎండలో అడ్డంగా వచ్చే బండ్లన్నీ ఆపి, ఆ ఐస్‌క్రీమ్‌కు సెల్యూట్ కొట్టాడు. నా ఒళ్ళు మండిపోయింది. లతీఫ్ భాయ్ ఉండి ఉంటే ఆ కారుకు అడ్డంగా నిలబడేవాడు.

లతీఫ్ భాయ్ మా సర్కారీ గ్యారేజీలో హెడ్ డ్రైవరు. ఇల్లు పాతబస్తీలో, మొఘల్‌పురాలో. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను ఆయన చేతికింద వేశారు. మంత్రుల కార్లకు జెండా కట్టడం, విప్పడం, మడవడం నాకు నేర్పింది ఆయనే. జెండా కారుది కాదు, అందులో కూర్చున్న పదవిది. మంత్రి కారెక్కితే జెండా ఎగరాలి. దిగితే దానికి తొడుగు వేయాలి. దిండుకు వేసినట్టే కాబట్టి ఆ తొడుగును మేమంతా గలీబు అనేవాళ్ళం. గ్యారేజీలో ఇచ్చే గలీబులు మోటుగా ఉంటాయని లతీఫ్ భాయ్ తన డబ్బుతో తెల్లటి మెత్తని గుడ్డ కొని తెచ్చేవాడు. ఆయన కూతురు నస్రీన్ ఇంట్లో మిషను మీద కుట్టి ఇచ్చేది. ఆదివారం ఉతికి, ఇస్త్రీ చేసి, సోమవారం పొద్దున్నే చేతికిచ్చేది.

నాకు ఆ పట్టింపు మొదట్లో చాదస్తం అనిపించింది. ఒకసారి మంత్రిగారిని ఆఫీసులో దింపి పెట్రోలు కొట్టించడానికి ఒక్కణ్ణే బయల్దేరాను. గలీబు వేయలేదు. దారిలో కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు. నాకేమో కుర్రతనం, పైగా ఖాళీ కారు! దర్జాగా నేనూ తిరిగి సెల్యూట్ కొట్టాను. ఆ గొప్ప నేనే వచ్చి గ్యారేజీలో చెప్పుకున్నాను. అందరూ పగలబడి నవ్వారు, లతీఫ్ భాయ్ తప్ప.

"కార్ల ఎవరున్నరు?" అన్నాడు.

"ఎవరు లేరు భాయ్. నేనే."

"మరి గా సలాం నువ్వెట్ల తీసుకున్నవ్ రా? పో, వాపస్ ఇచ్చి రా."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. సైకిలిచ్చి మరీ పంపించాడు. కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఇందాక కార్ల మంత్రి లేడు, తప్పయింది" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "నీకేమన్న దిమాగ్ ఖరాబయిందా? లొల్లి వెట్టకు, పో" అని ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చి ఆ మాటే చెప్తే అప్పుడు నవ్వాడు లతీఫ్ భాయ్. "గిప్పుడు నువ్వు డ్రైవర్‌వి అయినవ్. ఎండల నిలబడ్డోనితోని ఖాళీ కుర్సీకి సలాం కొట్టిస్తే పాపం బేటా" అన్నాడు.

మరుసటి ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో జరిగింది అసలు సంగతి. మంత్రిగారు ఢిల్లీలో ఉన్నారు. ఆయన బామ్మర్ది పాతబస్తీలో ఏదో పెళ్ళికి వెళ్ళాలి. కారు పంపమని ఇంటినుంచి ఫోను. లతీఫ్ భాయ్ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, వెనక సీట్లో బామ్మర్దిగారు. కిషన్‌బాగ్ దాటకముందే బండ్లు అడుగు కదలకుండా ఆగిపోయాయి. ఎదురుగా ఒక పెళ్ళి బరాత్, వెనక ఆటోలు. బామ్మర్దిగారికి కంగారు మొదలైంది.

"ఏయ్, ఆ జెండా మీద సంచి తీయండి. పోలీసులు చూస్తే దారి ఇస్తారు."

"సార్ కార్ల లేరు సాబ్. తియ్యరాదు" అన్నాడు లతీఫ్ భాయ్.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెల్సు సాబ్. మీరు సార్‌కు బామ్మర్ది. జెండా మాత్రం సర్కార్ సార్‌కే ఇచ్చింది."

మేము చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. ఆయన కారు తలుపు విసిరికొట్టి దిగాడు.

మూడో రోజు లతీఫ్ భాయ్ చేతికి మెమో వచ్చింది. ఏమనుకున్నారు? ఆలస్యం చేశాడని కాదు, ఎదురు మాట్లాడాడని కాదు. జాతీయ జెండాను మాసిన గుడ్డతో కప్పి అవమానించాడని! దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. మాసిన గుడ్డట! ఇస్త్రీ మడత కూడా నలగని గుడ్డ అది. ఆఫీసులో ఒక పెద్దమనిషి, "మొఘల్‌పురా వాడు కదా, జెండా అంటే ఏం లెక్క ఉంటుంది" అని నవ్వాడు. ఆ నోరు పడిపోను, ఇన్నేళ్ళయినా ఆ నవ్వు తలుచుకుంటే నాకు పళ్ళు పటపటలాడతాయి. ఆ రోజున మాత్రం నా పళ్ళు నోట్లోనే ఉన్నాయి, నాలుకా నోట్లోనే ఉంది.

విచారణకు సాక్షిగా నన్ను పిలిచారు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. లతీఫ్ భాయ్ ఆ గదిలోనే ఒక మూల నిలబడి ఉన్నాడు. అధికారి నన్ను ఒక్కటే అడిగాడు: "ఇతను జెండాను గుడ్డతో కప్పాడా, లేదా?"

"కప్పాడు సార్. కాని..."

"అడిగినదానికి చెబితే చాలు. సంతకం పెట్టు."

పెట్టాను. మంత్రి కారులో లేరు, అందుకే కప్పాడు. ఈ చిన్న మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఆయనను జెండా కార్ల నుంచి తప్పించి, కుర్చీలు, బీరువాలు మోసే వ్యానుకు వేశారు. జెండాను అవమానించాడన్న మాట సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. రిటైరవడానికి అప్పటికి ఏడాదే ఉంది. రిటైరైన రోజున దండ వేయడానికి కూడా పై అధికారి ఒక్కడూ రాలేదు.

ముఖం చెల్లక చాలా రోజులకు గాని మొఘల్‌పురా వెళ్ళలేదు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. చాయ్ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్తే కొట్లాడేటోణ్ణి బేటా. నిజమే చెప్పినవ్, సగం చెప్పినవ్. దాంతోని ఎట్ల కొట్లాడాలె?"

రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. ఇప్పుడు నేనే హెడ్ డ్రైవర్ని, నన్నెవరూ పీకలేరు. ధైర్యం కూడా పర్మనెంటు అయ్యాకే వచ్చిందన్నమాట, థూ! జరిగినదంతా కాగితం మీద పెట్టి, సంతకం చేసి ఆఫీసులో ఇచ్చాను. అందినట్టు ముద్ర వేయించుకుని, ఆ నకలు పట్టుకుని నస్రీన్ దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకుంటుందని లోలోపల ఆశపడ్డాను కాబోలు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"మా అబ్బాజాన్ రిజిస్టర్ల గా మాట కొట్టేసిన్రా అన్నా?"

"ఇంకా లేదమ్మా. కాయిదం తీసుకున్నరు."

"మరి నాకెందుకు తెచ్చినవ్? కొట్టేసినంక తే." కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. ఆమె కోపంలో తప్పేముంది?

అప్పటినుంచి ప్రతి నెలా ఆఫీసుకు వెళ్తున్నాను. ఫైలు పైన ఉందంటారు, కింద ఉందంటారు, సెలవులో ఉన్న గుమాస్తా బీరువాలో ఉందంటారు. నిన్న కొత్త అధికారి విసుక్కున్నాడు. "ఏమయ్యా, ఆయన చనిపోయాడు, పెన్షన్‌కు ఇబ్బంది లేదు. ఇంకా ఎందుకీ తిరుగుడు? ఆయన వచ్చి అడిగాడా నిన్ను?"

"బతికున్నన్ని రోజులు ఒక్కసారి కూడా అడగలే సార్," అన్నాను. "ఇప్పుడు రాలేడు. నేనే వచ్చిన."

ఆయన గడియారం చూసుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.