బీరువా అద్దానికి చుట్టిన బొంత

ఇల్లు మారిన ప్రతిసారీ సామానుతో పాటు ఒక అబద్ధాన్ని కూడా మోసుకెళుతున్నాను. ఏళ్లు గడిచాయి, బరువు తగ్గలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ పోయాక చెప్పుకోవడానికి మనిషే లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మండపేటలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఆనందరావు గారు, నేను పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్లం. ఒక వేసవిలో ఇద్దరికీ ఒకేసారి రాజమండ్రి బదిలీ అయింది. ఆయన బావమరిదికి మిల్లుకి ధాన్యం తోలే ట్రాక్టరు ఉండేది. రెండిళ్ల సామానూ అందులోనే వేద్దామన్నారు. నా దగ్గర పైసా తీసుకోలేదు. మా బీరువా అద్దానికి, వాళ్లావిడ పాత చీరలతో కుట్టిన బొంత తనే చుట్టి తాడు కట్టారు.

“జాగర్తండి బాబూ. ఇది పగిలిందంటే మీ ఆవిడగారు మిమ్మల్నే కాదు, నన్నూ గుమ్మం ఎక్కనివ్వరు,” అని నవ్వారు.

తవుడు వాసన కొట్టే ఆ ట్రాక్టరు తొట్టిలో, మంచాల మధ్య కూర్చుని, కాలవ గట్టు పొడుగునా కబుర్లాడుకుంటూ వెళ్లాం. అంత తేలిక మనసుతో నేను మళ్లీ ప్రయాణం చేయలేదు.

బదిలీ అయినవాళ్లకి సామాను తరలించిన ఖర్చు సర్కారు ఇస్తుంది. అందరూ చేసే పనే నేనూ చేశాను. తెలిసిన లారీ ఆఫీసులో దొంగ రసీదు రాయించి బిల్లు పెట్టాను. డబ్బు వచ్చేసింది. ఆనందరావు గారు మాత్రం బంధువుల ట్రాక్టరు మీద తెచ్చుకున్నానని రాసి, డీజిలు ఖర్చు ఒక్కటే అడిగారు. అలాంటి బిల్లు మా ఆఫీసులో ఎవరూ ఎరగరు. అనుమానం ఆయన మీదికే వెళ్లింది.

ఆఫీసరు పిలిచి అడిగితే, ఆయన నన్ను సాక్ష్యం అడగమన్నారు. నా లారీ రసీదు సంగతి పాపం ఆయనకి తెలియదు. నన్ను లోపలికి పిలిచారు.

“ట్రాక్టరు మీద వచ్చానంటున్నారు ఈయన. మీరు చూశారట. ఏంటండీ సంగతి?”

“నాకు తెలీదండి. నా సామాను లారీలో వచ్చిందండి.”

ఆనందరావు గారు తలతిప్పి నన్ను చూశారు. ‘మా బొంత ఈయనింట్లోనే ఉంది’ అని ఆయన ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

బయటికొచ్చాక, వరండాలో ఆగి, “అద్దం బాగానే చేరింది కదండీ?” అన్నారు.

“ఆ... బాగానే ఉందండి.”

“సంతోషం.”

అది దెప్పిపొడుపా? నిజంగానే అడిగారా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తరవాత ఆయన నన్ను తనంతట తాను పలకరించలేదు.

తప్పుడు బిల్లు పెట్టారని ఆయనకి మెమో ఇచ్చారు. ‘ట్రాక్టరు గారు’ అని పేరు పడింది. జేబుల్లో దొంగ రసీదులున్నవాళ్లే నవ్వారు. నేను నవ్వలేదు. మధ్యాహ్నం క్యారేజీ మాత్రం వేరే బల్ల మీదికి మార్చుకున్నాను. ఆ ఏడు ఆయనకి రావలసిన ప్రమోషన్ నాకు వచ్చింది. వద్దనలేదు.

భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజమే, ఆ గదిలో భయపడ్డాను. మరి మర్నాడు? ప్రమోషన్ కాగితం అందుకున్న రోజు? రోజూ ఆయన ఒక్కరే కూర్చుని అన్నం తింటుంటే, వెళ్లి ఎదురుగా కూర్చోవడానికి ఏం భయం అడ్డొచ్చింది? దానికి జవాబు నాకు నచ్చేది కాదు.

కిందటేడు ఆయన పోయారు. అంత్యక్రియలకని చర్చి గేటు దాకా వెళ్లి, వాళ్లావిడ కనబడగానే వెనక్కి వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్లను?

ఇప్పుడు మళ్లీ బదిలీ, తణుకు. సామాను సర్దుతున్నాను, ఒక్కణ్ణే. ప్రతిసారీ అద్దానికి చుట్టే ఆ బొంతని ఇవాళ కూడా తీశాను. చుట్టలేకపోయాను. మడిచి ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. తిరిగి ఇవ్వగలనో లేదో తెలియదు. ఆ రోజు ఆ గదిలో చెప్పవలసిన మాట మాత్రం చెబుతున్నాను.

అయ్యా, నా సామాను లారీలో రాలేదండి. ఆనందరావు గారి ట్రాక్టరు మీదే వచ్చింది.