గొర్రెలకు తెలియని గొంతు

మాది తాండూరు పక్క పల్లెలో గొర్రెలు కాచే ఇల్లు. నన్ను బడిపంతుల్ని చేయాలన్నది మా నాయిన పట్టుదల. అందుకని నా వంతు మందను కూడా తనే తోలుకుపోయేవాడు. వానకు తడిసిన గొంగడి పిండుకుంటూ ఇంటికొచ్చి, నేను పుస్తకం ముందు కనబడితే చాలు, అన్నం సంగతి మరిచిపోయి చూస్తూ కూర్చునేవాడు. గొర్రెల దగ్గరికి పోతే మాత్రం కసిరేవాడు. "గది నీ పని గాదు. నువ్వు సదువుకో" అనేవాడు.

నిజాం కాలంలో చదువంటే ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఉర్దూలో లెక్కలు చేశాను. బెత్తం దెబ్బలు తిన్నాను. మౌల్వీ సాబు నా దస్తూరీ మెచ్చుకునేదాకా వదల్లేదు. పరీక్ష గట్టెక్కేసరికి ఆ రాజ్యమే పోయింది. మా తాలూకా అప్పట్లో గుల్బర్గా జిల్లాలో ఉండేది కాబట్టి పంతులు ఉద్యోగానికి కన్నడం కావాలన్నారు. సంతలో వినబడే కన్నడం వేరు, పరీక్షలో రాసే కన్నడం వేరు. కిందా మీదా పడి అదీ నేర్చాను, పాసయ్యాను. ఇక పిలుపు రావడమే తరువాయి అనుకుంటుండగా భాషను బట్టి రాష్ట్రాలు పంచారు. మా తాలూకాను తెచ్చి హైదరాబాదు జిల్లాలో కలిపారు. ఇప్పుడు తెలుగు కావాలట! పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న భాషే, కానీ అందులో పాసైనట్టు నా దగ్గర కాగితం లేదు.

ఆ కాగితం కూడా సంపాదించి, రైలెక్కి వికారాబాదులో బడుల ఆఫీసుకు వెళ్ళాను. నీ వయసు దాటిపోయిందయ్యా అన్నాడు అక్కడి గుమాస్తా. పాపం, ఆయన తప్పేముంది? వీళ్ళు జిల్లాలు మార్చుకునేదాకా నా వయసు ఆగి ఉండాల్సింది. నాతోపాటు ఉర్దూ బడిలో చేరి, బెత్తానికి జడిసి వికారాబాదులో మేనమామ ఇంటికి పారిపోయినవాడు అక్కడే తెలుగు చదువుకుని ఎప్పుడో పంతులయ్యాడు. స్టేషన్లో నన్ను చూసి చాయ్ తాగుదాం రమ్మన్నాడు. నేను పోలేదు.

మన చేతుల్లో ఏముంది అని ఊరంతా ఒకటే ఓదార్పు. వింటుంటే ఒళ్ళు మండేది. నా చేతుల్లో ఉన్నదంతా నేను చేశాను కదా. లేనిది ఒక్కసారైనా నా వైపు తిరగొద్దా?

ఆ ఏడే నాయిన మోకాళ్ళు పడిపోయాయి. మందను తోలేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు. మొదటిరోజు నేను దొడ్డి తడిక తీయగానే గొర్రెలన్నీ పక్కవాళ్ళ కందిచేను మీద పడ్డాయి. కర్ర ఊపాను, గొంతు చించుకున్నాను. ఒక్కటీ తల తిప్పలేదు. అరుగు మీద కూర్చున్న నాయిన నాలుక మడిచి ఒక్క కూత పెట్టాడు. మందంతా మేత ఆపి ఆయన వైపు తిరిగింది.

ఆ కూత నాకు రాదు. నేర్చుకోనివ్వనిది ఆయనే. ఆ మాట మొహం మీదే అనాలన్నంత కోపం వచ్చింది. నాయిన నా వైపు చూడకుండా గొర్రెలనే చూస్తూ అన్నాడు: "ఫికర్ జెయ్యకు కొడుకా. నేర్సుకుంటవ్ తియ్."

మళ్ళీ మొదటి నుంచి! ఆయన పక్కన కూర్చుని నాలుక మడిచి ఊదాను. ఉత్త గాలి వచ్చింది.