ఇంటాయనను ఇంట్లోంచి పంపేసిన శనివారం

మొన్న శనివారం నేనొక మనిషిని అతని సొంత ఇంట్లోంచే బయటికి పంపేశాను. వానలో, బనీను మీద. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మన తెలుగు ఇళ్ళన్నీ తప్పు నాదే అంటున్నాయి. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే తీర్పు చెప్పండి.

మా ఆయనది ఆస్పత్రిలో ఆర్నెల్ల ఉద్యోగం. ఆస్పత్రివాళ్ళు డాక్టరుకి మంచం ఇస్తారు, డాక్టరు పెళ్ళానికి ఇవ్వరు. నాకిప్పుడు ఏడో నెల. కిటికీలో గది అద్దెకిస్తామని అట్టముక్క వేలాడుతున్న ఇళ్ళ తలుపులన్నీ కొట్టాం. మా మొహాలు చూడగానే గది ఇప్పుడే పోయిందనేవాళ్ళు. అట్టముక్క మాత్రం అక్కడే ఉండేది. మొదట దొరికిన ఇంట్లో ఆవాలు చిటపటమంటే చాలు, కింద నుంచి చీపురుకర్రతో సీలింగు పొడిచేవాళ్ళు. నా పొట్ట కాస్త కనబడగానే పసిపిల్లలు పనికిరారని ఖాళీ చేయించారు.

అలాంటప్పుడు దొరికింది మిసెస్ బార్లో ఇల్లు. ఆవిడ మెక్సికో మనిషి, పేరు లూపే. నేను ఎండుమిర్చి తాలింపు వేస్తుంటే మెట్లెక్కి పైకి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. బాణలి పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, గుండెల నిండా వాసన పీల్చుకుని, "ఇల్లు గుర్తొస్తోంది" అంది. ఆ గది పోతే పురిటికి నాకు వేరే నీడ లేదు. అందుకని ఆవిడతో అడ్డాల్లో బిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఉండేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ ముందు గదిలో, గోడ మధ్యన, ఒక పెద్ద ఫోటో. గుర్రం మీద మీసాల మనిషి, చేటంత టోపీ, వెండి గుండీల నల్ల కోటు. ఫోటోకి కాగితపు బంతిపూల దండ. కింద చిన్న బల్ల మీద కొవ్వొత్తి. దండ వేసిన ఫోటో, ముందు దీపం. మీరైతే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. చిన్న వయసులోనే పసుపు కుంకుమ పోగొట్టుకుంది పాపం అనుకున్నాను.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆవిడదీ అంతే. అయినా ఇద్దరం మొక్కజొన్న రొట్టెలు తడుతూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడకి మాట్లాడటానికి ఒకటే విషయం, ఫెర్మీన్. ఫోటో వైపు చూపించి, "ఫెర్మీన్ నా ప్రాణం, చచ్చిపోయాడు" అనేది. నేను కళ్ళొత్తుకునేదాన్ని.

ఫెర్మీన్ చిన్నప్పుడు రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ పాడుతూ అమ్మేవాడట. రొట్టె అక్కర్లేని వాళ్ళు కూడా పాట కోసం తలుపు తీసేవాళ్ళట. రేడియోవాళ్ళు పట్టుకుపోయారు, ఆ తర్వాత సినిమావాళ్ళు. ప్రతి సినిమాలోనూ గుర్రం ఎక్కి అమ్మాయి కిటికీ కింద పాడేవాడు, పిల్లనివ్వకపోతే సారా దుకాణంలో కూర్చుని పాడేవాడు. ఒకదాంట్లో గుడ్డివాడు, ఒకదాంట్లో చర్చి ఫాదరు. దేనిలో అయినా పాడటం మాత్రం మానలేదు. మూడు పెళ్ళిళ్ళు. చివరికి షూటింగులో గుర్రం మీంచి పడ్డాడు. ఆస్పత్రికి పొమ్మంటే, ఎవరో బీదవాడి పెళ్ళిలో పాడతానని మాటిచ్చానని వెళ్ళి పాడి వచ్చి, మూడో రోజు పోయాడు. శవం వెంట ఊళ్ళకు ఊళ్ళు నడిచాయట. "నేనూ నడిచాను, చెప్పుల్లేకుండా" అంది లూపే.

నేనేదో కల్పించానంటున్నారు. ఆవిడ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా మార్చలేదు. మేముంటున్నది పోయిన సినిమా హీరో మూడో భార్య ఇంట్లో అని నలుగురికీ చెప్పాను, అంతే.

వరలక్ష్మి హైదరాబాదు మనిషి. ఇంకో డాక్టరు గారి భార్య. ఎవరే సంగతి చెప్పినా దాంట్లో రాయి ఏరందే ఆవిడకి ముద్ద దిగదు. "ఏంది వదినా, గంత పెద్ద హీరో పెండ్లాం గీడ రూములెందుకు కిరాయికిస్తది?" అంది.

"ఆస్తంతా మొదటి ఇద్దరూ పట్టుకుపోయుంటారు" అన్నాను.

"ఆయన పేరు ఫెర్మీన్ అంటివి. గీమె బార్లో ఎట్లయింది?"

"సినిమావాళ్ళకి రెండు పేర్లుండవూ?"

వరలక్ష్మి ఇంకో రాయి కోసం వెతకడం మొదలుపెట్టింది. ఏ ప్రశ్నకైనా నా దగ్గర సమాధానం ఎప్పుడూ ఉంటుంది.

పోయిన వారం లూపే కొత్త దండ కడుతూ, శనివారం ఫెర్మీన్ పోయిన రోజని చెప్పింది. తద్దినం. దేశం కాని దేశంలో పాపం ఆయనకి ఎవరు పెడతారు? లిక్విడైజర్‌లో మినప్పప్పు రుబ్బి, గారెలు, పరమాన్నం చేశాను. వరలక్ష్మిని పిలిచాను. ఇద్దరం పళ్ళేలు పట్టుకుని కిందికి దిగాం.

ముందు గదిలో గ్రామఫోను మీద ఫెర్మీన్ పాడుతున్నాడు. ఫోటో ముందు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఫోటో కిందే కుర్చీలో ఎర్ర మొహం మనిషొకడు, బనీను మీద, కాళ్ళు తద్దినం బల్ల మీద బారజాపుకుని కూర్చున్నాడు. వాడి టోపీ ఫోటో మూలకి తగిలించి ఉంది. వంటింట్లోంచి లూపే, "డార్లింగ్, టీ?" అని కేకేసింది.

వరలక్ష్మి నా చెవిలో, "ఎవడు వదినా గీడు?" అంది.

ఎవడో నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అయినా మాట మింగేశాను. ఇల్లు ఆవిడది, గది నాకు కావాలి. పళ్ళెం తీసుకెళ్ళి ఫోటో ముందు పెట్టాను. పెట్టీ పెట్టగానే ఆ మనిషి చెయ్యి చాపి గారె తీసి నోట్లో వేసుకున్నాడు. పోయినవాడికి పెట్టిన గారె, పోయినవాడు చూస్తుండగా. పైగా "బాగుంది" అని ఇంకోటి తీశాడు.

నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఒక్కసారే బయటికొచ్చింది. ఆవిడ భర్త ఫోటో కింద కూర్చుని, ఆవిడ భర్త తద్దినం నాడు, ఆవిడ భర్త గారె తింటావా, సిగ్గు లేదూ, లే, బయటికి నడు అన్నాను. వేలు తలుపు వైపు చూపించాను. ఆ మనిషి నా మొహం చూశాడు, నా పొట్ట చూశాడు, లేచి గారె పట్టుకుని వెళ్ళి గడప బయట నిలబడ్డాడు. నిండు చూలాలితో గొడవెందుకులే అనుకున్నాడట. ఇది తర్వాత తెలిసింది.

లూపే టీ పట్టుకుని వచ్చింది. "నా భర్త ఏడి?"

నేను ఫోటో చూపించాను.

ఆవిడ ఫోటో చూసింది, నన్ను చూసింది, కిటికీలోంచి బయట తడుస్తున్న మనిషిని చూసింది. టీ కప్పు కింద పెట్టి, స్పానిష్‌లో దేవుణ్ణి పిలిచింది.

బయట ఉన్నది మిస్టర్ బార్లో. సరుకు ఓడలో ఇంజనీరు. ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. లూపే ఫెర్మీన్‌కి అభిమాని, అంతే; ఆయన్ని దగ్గరగా చూసింది శవయాత్రలోనేనట. వరలక్ష్మి గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తోంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి అంతా విన్నాడు. "బార్లో ఓడ మీద ఉంటాడని మొదటి రోజే ఆవిడ నాకు చెప్పింది" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు నాకు చెప్పడమే గానీ, నన్ను అడగడం ఎప్పుడుంది?"

కట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా ఇది? ఆయన అక్కడితో ఆగలేదు, పెట్టెలు కిందికి దించాడు. ఎలాగూ పొమ్మంటారు, ముందే సర్దుకుందాం అన్నాడు. నేను ఉయ్యాలకని కొన్న తాడు మడత పెడుతున్నాను. అప్పుడు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మిస్టర్ బార్లో. ఈసారి చొక్కా, దాని మీద కోటు కూడా వేసుకున్నాడు. ఖాళీ చెయ్యమనడానికే అంత మర్యాదగా తయారై వచ్చాడనుకున్నాను.

గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. మాట మొదలుపెట్టబోయి ఆగి, నా వెనక అలమారా వైపు చూశాడు. అక్కడ మా కృష్ణుడి పటం. పూలు, ముందు దీపం.

"అతనెవరు?" అన్నాడు.

దేవుడని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మా ఆయన అబద్ధం ఆడలేని మనిషి. "సినిమా హీరో. వేషంలో ఉన్నాడు. క్యాలెండర్‌లోంచి కత్తిరించి తెచ్చుకుంది" అన్నాడు.

"బతికే ఉన్నాడా?"

"నిక్షేపంగా."

మిస్టర్ బార్లో లోపలికి వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నావాడు నయం, పోయాడు. పెట్టెలు పైన పెట్టెయ్యి డాక్టర్. మనిద్దరం అలా బయటికెళ్ళి ఒక బీరు తాగి వద్దాం" అన్నాడు.

గది నిలబడింది. పురుడు ఇక్కడే. లూపే అప్పుడే చిన్న ఉన్ని టోపీ అల్లుతోంది. అయినా నా కోపం చల్లారలేదు. చిన్నప్పటి నుంచి ఆ పటానికి మొక్కుకుంటున్నాను, ఏనాడూ ఏ అనుమానమూ రాలేదు. ఇప్పుడు దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే దేవుడు రావడం లేదు. ఇంటర్వెల్ ముందు పాట వస్తోంది.